బుడగను వెలిగించే ఆ ఒక్క శాతం

పొయ్యి మీద ఎసరు పెట్టిన కాసేపటికి, నీళ్లు ఇంకా తెర్లకముందే, గిన్నె సన్నగా రొద పెడుతుంది. మూత తీసి చూస్తే పైన ఏ కదలికా ఉండదు. రొద పుట్టేది అడుగున. అడుగు వేడికి చిన్న చిన్న ఆవిరి బుడగలు లేస్తాయి. కాస్త పైకి రాగానే అక్కడి నీళ్లు ఇంకా చల్లగా ఉండడంతో ఆవిరి మళ్లీ నీరైపోతుంది. బుడగ ఉన్న చోట మిగిలిన ఖాళీలోకి చుట్టూ ఉన్న నీళ్లు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఒక్కో బుడగ ఒక్కో చిటిక. అలాంటివి వేలకు వేలు కలిస్తే మనకు వినిపించే రొద. నీళ్లన్నీ వేడెక్కి కళపెళా మరగడం మొదలయ్యాక బుడగలు మధ్యలో చితికిపోకుండా పైదాకా వచ్చేస్తాయి. అందుకే అప్పుడు ఆ చప్పుడు తగ్గుతుంది.

నీటి బుడగ అంటే తెలుగులో ఇట్టే పోయేది అని అర్థం. అది పోయే ఆ క్షణంలో ఏం జరుగుతుందన్నది మాత్రం భౌతిక శాస్త్రవేత్తలను వందేళ్లకు పైగా కూర్చోబెట్టింది. నీళ్లలోకి మన చెవికి అందనంత సన్నని ధ్వనిని, అంటే అల్ట్రాసౌండ్‌ను పంపితే, అందులోని బుడగలు ఉబ్బి, చితికి, చితికే క్షణంలో చిన్న మెరుపు మెరుస్తాయి. దీని పేరు సోనోల్యూమినెసెన్స్. ధ్వనికాంతి అనుకుంటే సరిపోతుంది. 'సీసాలో నక్షత్రం', 'సూర్యుడి కంటే వేడి బుడగ' లాంటి మాటలతో దీనికి బోలెడు ప్రచారం వచ్చింది. అవి పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఇందులో అసలు ముడి వేడిలో లేదు, బుడగ లోపల ఉన్న గాలిలో ఉంది. అదీ ఆ గాలిలో నూటికి ఒక వంతు కూడా లేని, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక వాయువులో.

మొదట దీన్ని చూసినవాళ్లు దీనికోసం వెతకలేదు. 1934లో జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంజెల్, షుల్టెస్ అనే ఇద్దరు ఫొటోలు కడిగే ద్రావణంలోకి అల్ట్రాసౌండ్ పంపారు. ఫొటో త్వరగా తేలుతుందేమోనన్నది వాళ్ల ఆశ. కడిగి చూస్తే ఫిల్ము మీద అక్కడక్కడా చిన్న చిన్న చుక్కలు. ధ్వని నడుస్తున్నంత సేపూ ద్రావణంలోని బుడగలు వెలుగు చిమ్ముతున్నాయని అప్పుడు అర్థమైంది. అర్థమైంది గానీ, అక్కడి నుంచి అడుగు ముందుకు పడడం కష్టమైంది. ఆ తొట్టిలో బుడగలు లక్షల్లో పుడతాయి, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, వంకరటింకరగా చితికిపోతాయి. ఆ గుంపులో ఏ బుడగ ఎప్పుడు వెలిగింది, ఎంతసేపు వెలిగింది అని కొలవడం తిరునాళ్లలో ఒక్కడి చప్పట్లు లెక్కపెట్టడం లాంటిది. చితికినప్పుడు పుట్టే వేడే దీనికి కారణమై ఉండాలని కొందరు, బుడగ గోడల మీద విద్యుదావేశం పోగై మెరుస్తోందని ఇంకొందరు. వాదన దశాబ్దాలు సాగింది.

బుడగ చితకడం గురించిన గణితం మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంది. ఓడల ప్రొపెల్లర్లు వేగంగా తిరిగే చోట నీళ్లలో ఖాళీలు పుట్టి, అవి మూసుకుపోయేటప్పుడు ఇత్తడి రెక్కలకు గుంటలు పడేవి. దాని సంగతి తేల్చడానికి 1917లో బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ ఒక సమీకరణం రాశాడు. గుండ్రని ఖాళీ ఒకటి నీళ్లలో మూసుకుపోతుంటే గోడ వేగం, మధ్యలో పీడనం ఎలా పెరుగుతాయో అందులో ఉంది. ఖాళీ చిన్నదవుతున్నకొద్దీ నీళ్లు ఇంకా ఇంకా వేగం పుంజుకుంటాయి. లోపల అడ్డుపడే గాలి లేకపోతే ఆ వేగానికి అంతే ఉండదు. ఈ రేలీ పేరు కాస్త గుర్తుంచుకోవాలి. కథలోకి ఆయన ఇంకోసారి వస్తాడు, వేరే పని మీద.

చిక్కు విడిపోయింది ఒకే ఒక్క బుడగను పట్టుకోగలిగాక. 1980ల చివర్లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయంలో ఫెలిపే గైతాన్ అనే పరిశోధక విద్యార్థి, లారెన్స్ క్రమ్ దగ్గర పని చేస్తూ, నీళ్ల మధ్య ఒక్క బుడగను నిలబెట్టి, అది ప్రతి ధ్వని తరంగానికీ ఒకసారి చొప్పున తప్పకుండా మెరిసేలా చేయగలిగాడు. ఈ అమరిక విశేషం ఏమిటంటే, తర్వాతి రోజుల్లో కాలేజీ ల్యాబుల్లో కూడా చేయగలిగేంత సాదాగా ఉంటుంది. సుమారు 100 మిల్లీలీటర్ల గుండ్రటి గాజు కుప్పె. దానికి రెండు పక్కలా అతికించిన పీజో బిళ్లలు. కరెంటు ఇస్తే అవి అదురుతాయి, కుప్పె మొత్తం సెకనుకు 25,000 సార్లకు కాస్త అటూ ఇటూగా కంపిస్తుంది. మనిషి చెవి 20,000 దాటితే పట్టుకోలేదు కాబట్టి గది నిశ్శబ్దంగానే ఉంటుంది. పక్కన కుక్క ఉంటే దాని సంగతి వేరు. నీళ్లు మాత్రం మామూలువి పనికిరావు. ముందుగా కాచి గానీ, వాక్యూమ్ పంపుతో గానీ అందులో కరిగి ఉన్న గాలిని చాలావరకు తీసేయాలి. ఆ తర్వాత సిరంజితో కాస్త నీళ్లు తీసి పైన చిమ్మితే చిన్న బుడగలు పడతాయి. వాటిలో ఒకటి ధ్వని పీడనానికి లాగబడి కుప్పె నడిమధ్యకు వచ్చి, అక్కడే మేకు కొట్టినట్టు నిలబడిపోతుంది. లైట్లు ఆర్పి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి చూస్తే నడుమ నీలపు తెలుపులో సూదిమొన అంత చుక్క కనిపిస్తుంది. కదలదు, మిణకదు.

మిణకనట్టు అనిపించడం కంటి తప్పు. సెకనుకు దాదాపు 26,000 మెరుపులు వస్తుంటే ఏ కన్నూ విడదీయలేదు. 1991లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్ ప్రాంగణంలో బ్రాడ్లీ బార్బర్, సెత్ పటర్‌మాన్ కొలిచినప్పుడు ఒక్కో మెరుపు వాళ్ల పరికరం పట్టుకోగలిగిన దానికన్నా తక్కువ సేపే ఉందని తేలింది. 1997లో జర్మన్ బృందం ఒకటి ఇంకా సూక్ష్మంగా కొలిస్తే అది 60 నుంచి 300 పికోసెకన్ల మధ్య వచ్చింది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. 100 పికోసెకన్లలో కాంతి పోయే దూరం మూడు సెంటీమీటర్లు, అగ్గిపుల్ల పొడవు కూడా కాదు. ఆ లెక్కన 'నిలకడగా వెలుగుతున్న' ఆ చుక్క ఒక సెకనులో నిజంగా వెలిగేది మొత్తం కలిపి సెకనులో పది లక్షల వంతుల్లో రెండు మూడు వంతులే. మిగతా సమయమంతా చీకటే.

ఒక్క చుట్టులో ఏం జరుగుతుందో నెమ్మదిగా చూద్దాం. ధ్వని తరంగం నీళ్లను ఒకసారి లాగుతుంది, ఒకసారి నొక్కుతుంది. బుడగ మామూలు స్థితిలో అయిదు మైక్రాన్ల వ్యాసార్థంతో ఉంటుందనుకుందాం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. లాగినప్పుడు అది ఉబ్బి దాదాపు 50 మైక్రాన్లకు చేరుతుంది. అప్పుడు దాని అడ్డం కొలత తల వెంట్రుక మందం కన్నా కొంచెం ఎక్కువ. తరంగం నొక్కడం మొదలుపెట్టగానే రేలీ సమీకరణం చెప్పినట్టే గోడ లోపలికి దూకుతుంది. చివరి ఘట్టంలో దాని వేగం సెకనుకు కిలోమీటరు దాటుతుంది. గాలిలో ధ్వని వేగం కంటే ఇది మూడు నాలుగు రెట్లు. వ్యాసార్థం అర మైక్రానుకు పడిపోయాక లోపలి వాయువు ఇక నలగనని మొరాయిస్తుంది, గోడ వెనక్కి తంతుంది. ఆ మలుపులోనే మెరుపు. తర్వాత బుడగ నాలుగైదు సార్లు ఎగిరెగిరి పడి, సర్దుకుని, తర్వాతి తరంగానికి సిద్ధమవుతుంది. నీళ్లంతటా పలచగా పరుచుకున్న ధ్వని శక్తి ఇలా ఒక్క బిందువులోకి చేరేసరికి దాని సాంద్రత లక్ష కోట్ల రెట్లు పెరుగుతుంది.

సైకిలు ట్యూబుకు గాలి కొట్టినవాళ్లకు ఇందులో సగం తెలిసిందే. నాలుగు పోట్లు పొడిచేసరికి పంపు అడుగు చేతికి చురుక్కుమంటుంది. వాయువును గబగబా కుదిస్తే వేడెక్కుతుంది, వేడి బయటకు పోయే వ్యవధి ఉండదు. డీజిల్ ఇంజన్ స్పార్కు ప్లగ్గు లేకుండా నడిచేది ఈ సూత్రం మీదే. అందులో గాలి 15 నుంచి 20 రెట్లు కుదించుకుపోతుంది, అంతకే డీజిల్ అంటుకుంటుంది. బుడగ 50 నుంచి అయిదు మైక్రాన్లకు తగ్గే దాకా లోపలి వేడి బయటి నీళ్లలోకి జారిపోతూనే ఉంటుంది కాబట్టి ఆ భాగం లెక్కలోకి రాదు. అయిదు నుంచి అర మైక్రానుకు పడే ఆ చివరి దూకుడులోనే వేడి లోపల చిక్కుకుపోతుంది. వ్యాసార్థం పది రెట్లు తగ్గితే ఘనపరిమాణం వెయ్యి రెట్లు తగ్గినట్టు.

ఇక్కడ కాగితం మీద చిన్న లెక్క వేస్తే అసలు సంగతి బయటపడుతుంది. గది వేడి సుమారు 300 కెల్విన్. పరమాణువులు ఒంటరిగా తిరిగే ఆర్గాన్ లాంటి వాయువును వెయ్యి రెట్లు కుదిస్తే సూత్రం ప్రకారం ఉష్ణోగ్రత 100 రెట్లు పెరగాలి, అంటే 30,000 కెల్విన్. అదే నత్రజనిని, అంటే రెండేసి పరమాణువులు జంట కట్టి ఉన్న వాయువును అంతే కుదిస్తే 16 రెట్లు మాత్రమే పెరుగుతుంది, 4,800 దగ్గర ఆగిపోతుంది. జంటగా ఉన్నవి గిరగిరా తిరుగుతాయి, అదురుతాయి, ఇంకా వేడెక్కితే తెగిపోతాయి. ఇచ్చిన శక్తిలో పెద్ద వాటా ఆ పనులకే ఖర్చయిపోతుంది. ఒంటరి పరమాణువుకు అటూ ఇటూ పరుగెత్తడం తప్ప మరో పని లేదు, ఆ పరుగే వేడి. నిజం బుడగలో నష్టాలు ఉంటాయి కాబట్టి అంకెలు ఇంత శుభ్రంగా రావు. కానీ తేడా ఎటువైపు ఉందో ఈ లెక్కే చెప్పేస్తుంది. నత్రజని బుడగ వెలగడానికి కష్టపడాలి, ఆర్గాన్ బుడగ సులువుగా వెలగాలి.

మరి గాలి బుడగ? గాలిలో 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్. రెండూ జంటలే. ఈ లెక్కన గాలి బుడగ మసకగా ఉండాలి. కానీ ల్యాబులో అది ధగధగా వెలుగుతోంది. పటర్‌మాన్ బృందం 1994లో వాయువులను మార్చి మార్చి చూసినప్పుడు చిక్కు ఇంకా ముదిరింది. ఉత్త నత్రజని బుడగ సరిగా వెలగలేదు. అందులో ఒక్క శాతం ఆర్గాన్ లాంటి జడ వాయువు కలపగానే వెలుగు పది రెట్లకు పైగా పెరిగింది. గాలిలో ఉన్న ఆర్గాన్ కూడా సరిగ్గా అంతే, 0.93 శాతం. నూటికి ఒకడు వచ్చి మిగతా 99 మంది చేయలేని పని ఎలా చేయించాడు?

జవాబు 1997లో డెట్లెఫ్ లోసే, మైకేల్ బ్రెన్నర్, సాష హిల్గెన్‌ఫెల్ట్, వారి సహచరులు ఇచ్చారు. వేల కెల్విన్ల వేడిలో నత్రజని, ఆక్సిజన్ జంటలు తెగిపోతాయి. తెగినవి ఒకదానితో ఒకటి, నీటి ఆవిరి ముక్కలతో కలిసి నత్రజని ఆక్సైడ్లు, ఆమ్లాలు, అమ్మోనియా లాంటివి అవుతాయి. అవన్నీ నీళ్లలో చక్కగా కరిగేవే. ప్రతి చితుకుడుకూ కొంచెం కొంచెంగా గోడ దాటి నీళ్లలో కలిసిపోతాయి. ఆర్గాన్ దేనితోనూ కలవదు, నీళ్లలో వాటిలా కరిగిపోదు, లోపలే ఉండిపోతుంది. బుడగ ఉబ్బినప్పుడు చుట్టూ నీళ్ల నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది, చితికినప్పుడు అందులోని నత్రజని, ఆక్సిజన్ కాలి పోతాయి, ఆర్గాన్ మిగులుతుంది. సెకనుకు 26,000 సార్లు ఇలా వడకట్టాక గాలి బుడగ అని మనం పిలిచేది నిజానికి దాదాపు ఉత్త ఆర్గాన్ బుడగ.

నమ్మడానికి ఒక అంకె బాగా సాయపడింది. వెలుగు నిలకడగా ఉండాలంటే నీళ్లలో గాలిని మామూలుగా కరిగే మొత్తంలో 20 నుంచి 40 శాతానికి దించాలి. శుద్ధ ఆర్గాన్‌తో చేస్తే మాత్రం 0.4 శాతం దగ్గరకు దించితే గానీ బుడగ మాట వినదు. చూడగానే ఈ రెండింటికీ పొంతన లేదనిపిస్తుంది. కానీ 20 నుంచి 40 శాతం గాలిలో ఆర్గాన్ వంతు ఎంత? అందులో నూటికి ఒకటి, అంటే 0.2 నుంచి 0.4. బుడగ మొదటి నుంచీ లెక్క చూసుకుంటున్నది ఆర్గాన్‌నే, గాలిని కాదు. తర్వాత 2002లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డిడెంకో, సస్లిక్ ఒక్క బుడగ చుట్టూ ఉన్న నీళ్లలో చేరిన నైట్రైట్‌ను, అంటే కాలిన నత్రజని వదిలిన జాడను, కూడా కొలిచి చూపించారు.

ఇక రేలీ రెండోసారి రావలసిన చోటు ఇదే. ఆర్గాన్‌ను కనిపెట్టింది ఆయనే. గాలి నుంచి తీసిన నత్రజని, రసాయనాల నుంచి తయారుచేసిన నత్రజని కంటే సుమారు 200లో ఒక వంతు బరువెక్కువ తూగుతోందని 1890ల్లో గమనించాడు. ఇంకెవరైనా అయితే తూకంలో తేడా అని వదిలేసేవారు. ఆయన వదల్లేదు. విలియం రామ్సేతో కలిసి 1894లో కొత్త వాయువును ప్రకటించాడు, 1904లో నోబెల్ అందుకున్నాడు. ఆ వెతుకులాటలో రేలీ వాడుకున్న పద్ధతుల్లో ఒకటి అంతకు వందేళ్ల ముందు, 1785లో, హెన్రీ కావెండిష్ చేసింది. కావెండిష్ గాలికి ఆక్సిజన్ కలిపి, గొట్టంలో విద్యుత్ మెరుపులు పంపుతూ పోయాడు. నత్రజని మండి ఆక్సైడ్లుగా మారి కింద ఉన్న క్షార ద్రావణంలో కరిగిపోయింది. మిగిలిన ఆక్సిజన్‌నూ తీసేశాక చివరికి ఒక చిన్న బుడగ మిగిలింది. ఎంత మండించినా అది కరగలేదు. మొత్తం నత్రజనిలో అది 120లో ఒక వంతుకు మించదని రాసి పెట్టాడు.

మండించు, కరిగించు, మిగిలింది ఉంచుకో. కావెండిష్ చేత్తో వారాల తరబడి చేసిన పనినే, అదే రసాయన సూత్రం మీద, మైక్రాన్ల బుడగ తనంతట తాను చేసుకుంటోంది. బుడగ సమీకరణం రాసిన మనిషి, ఆ బుడగ కడుపులో మిగిలే వాయువును కనిపెట్టిన మనిషి ఒక్కరే కావడం కాకతాళీయమే. కానీ 1919లో పోయిన రేలీకి తన రెండు పనులూ ఒకే చుక్కలో కలుస్తాయని తెలిసే వీలే లేదు. నీళ్ల బుడగ మెరవడం అనేది అప్పటికి ఎవరూ చూడలేదు.

వెలుగు ఎలా పుడుతుందన్న దానికి వచ్చిన జవాబు కూడా పెద్ద ఆడంబరం లేనిదే. అంత వేడిలో కొన్ని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ఊడిన ఎలక్ట్రాన్ ఏ అయాన్ (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువు) పక్క నుంచో పోతూ బ్రేకు పడ్డట్టు మందగిస్తుంది, లేదా దానితో మళ్లీ కలిసిపోతుంది. రెండు సందర్భాల్లోనూ కాస్త శక్తి కాంతిగా బయటపడుతుంది. అయితే ఈ సాదా జవాబు రాకముందు పెద్ద పెద్ద ఊహలే వచ్చాయి. 1965 నోబెల్ గ్రహీత జూలియన్ ష్వింగర్ తన చివరి రోజుల్లో, ఈ వెలుగు శూన్యంలో దాగిన క్వాంటమ్ శక్తి నుంచి వస్తోందని వాదించాడు. లెక్క చూసినవారికి ఆ శక్తి చాలదని తేలింది. 2002లో ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో రుసీ తాలేయార్‌ఖాన్ బృందం డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న అసిటోన్ అనే ద్రావకంలో బుడగలు చితికినప్పుడు కేంద్రక సంలీనం జరుగుతోందని, న్యూట్రాన్లు వస్తున్నాయని ప్రకటించింది. బల్ల మీద సూర్యుడు దొరికినట్టే పత్రికలు హడావుడి చేశాయి. అదే ప్రయోగశాలలోని వేరే శాస్త్రవేత్తలు మెరుగైన పరికరాలతో చూస్తే ఆ న్యూట్రాన్ల జాడ తేలలేదు. మరికొన్ని చోట్లా అదే ఫలితం. 2008లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం కమిటీ ఆయన మీద పరిశోధనా దుష్ప్రవర్తన నిర్ధారించింది. సంలీనానికి కావలసింది కోట్ల కెల్విన్లు. బుడగ ఉన్నది వేలల్లో.

ఆ వేలు ఎన్ని వేలన్నదానికి మంచి కొలత 2005లో డేవిడ్ ఫ్లానిగన్, కెన్నెత్ సస్లిక్ తీశారు. వాళ్లు నీళ్లు వదిలేసి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం తీసుకున్నారు. కారణం మళ్లీ ఆవిరే. బుడగలోకి చేరిన నీటి ఆవిరి నత్రజని లాగే వేడిని మింగేస్తుంది. ఆమ్లం నుంచి ఆవిరి దాదాపుగా రాదు. నీళ్లతో చేసేవారు నీటిని మంచుకు దగ్గరగా చల్లబరిచినా ఇందుకే. ఆమ్లంలో ఆర్గాన్ బుడగ వేల రెట్లు కాంతివంతంగా వెలిగింది, వర్ణపటంలో ఆర్గాన్ గీతలు స్పష్టంగా పడ్డాయి, వాటిని బట్టి ఉష్ణోగ్రత 15,000 కెల్విన్ల దాకా ఉందని తేలింది. సూర్యుడి ఉపరితలం 5,800 కెల్విన్లు. సూర్యుడితో పోలిక ఉపరితలం వరకే, గర్భం జోలికి పోకూడదు. ఆ వర్ణపటంలోనే ఉత్త వేడికి పుట్టలేని ఆక్సిజన్ అయాన్ల గీతలు కూడా ఉండడంతో, లోపల ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు ఊడిపోయిన వాయువు, ఉందన్నది రుజువైంది.

బుడగల గుంపు విషయానికి వస్తే అది ఇంత వేడెక్కదు, సుమారు 5,000 కెల్విన్ల దగ్గర ఉంటుంది. వెలుగు మాట పక్కన పెడితే బయట ప్రపంచంలో మనకు తారసపడేది ఈ గుంపే. కళ్లజోళ్ల షాపులో, నగల దుకాణంలో, పళ్ల డాక్టర్ దగ్గర ఉండే అల్ట్రాసోనిక్ క్లీనర్ పని చేసేది బుడగల దెబ్బతోనే. అందులో అల్యూమినియం ఫాయిల్ ముక్క ముంచితే నిమిషం రెండు నిమిషాల్లో చిల్లులు పడతాయి, మిషను సరిగా పని చేస్తోందా అని చూసుకోవడానికి ఇది మామూలు పరీక్ష. నీటి పంపుల ఇంపెల్లర్లు, జలవిద్యుత్ టర్బైన్ల రెక్కలు తేనెపట్టులా గుంటలు పడేదీ ఇందువల్లే. గర్భిణులకు చేసే స్కానింగ్ కూడా అల్ట్రాసౌండే కదా అన్న టెన్షన్ అక్కర్లేదు. అక్కడ వాడే తరంగాలు సెకనుకు పది లక్షల సార్లకు పైగా కంపించేవి. అంత కొద్ది వ్యవధిలో బుడగ ఇలా ఉబ్బలేదు. పైగా బుడగలు పుట్టే అవకాశాన్ని చూపే అంకె ఒకటి స్కానింగ్ తెర మీదే కనిపిస్తుంది, దానికి పరిమితి ఉంది.

ప్రకృతిలో ఈ పని చేసే జీవి కూడా ఒకటుంది. పిస్టల్ రొయ్యకు ఒక డెక్క మరీ పెద్దది. దాన్ని టప్పున మూసి ఎరను స్పృహ తప్పిస్తుంది. డెక్క చిప్పలు కొట్టుకుని ఆ చప్పుడు వస్తోందని చాలాకాలం అనుకున్నారు. 2000లో లోసే, మిషెల్ వెర్స్లూయిస్, వారి సహచరులు హైస్పీడ్ కెమెరాతో తీసి చూస్తే, డెక్క మూసుకున్నప్పుడు కాదు, అది చిమ్మిన నీటి ధార వెనక పుట్టిన బుడగ చితికినప్పుడు చప్పుడు వస్తోందని తెలిసింది. మరుసటి ఏడాది ఆ బుడగలో మెరుపు కూడా దొరికింది. కంటికి కనిపించేంత కాదు, సున్నితమైన కాంతి గ్రాహకానికి మాత్రమే చిక్కింది. రొయ్య బుడగ ఒకేసారి పుట్టి ఒకేసారి పోతుంది. సీసాలోని బుడగ లాగా వేల చుట్లు తిరిగి నత్రజనిని వదిలించుకునే తీరిక దానికి లేదు. రొయ్యకు కావలసింది దెబ్బ, వెలుగు కాదు. ఆ దెబ్బకు ఆవిరీ గాలీ కలిసిన బుడగే సరిపోతోంది.